మడమ పైన రెండంగుళాలు

(సంఘం స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు నాకు ఫోన్ చేసి, "స్వర్ణోత్సవాల్లో ఆరోగ్యం మీద ఒక అరగంట మాట్లాడాలి" అన్నారు. "నేను డాక్టర్ని కాదండీ, బ్యాంకులో లెక్కలు చూసుకునేవాణ్ణి" అన్నాను. "డాక్టర్లు మధ్యాహ్నం మాట్లాడతారు. మీరు పేషెంటుగా మాట్లాడండి. అయినా మీ కాలు పోయింది మన గ్రౌండులోనే కదా" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. అందుకని ఇలా నిలబడ్డాను. నిలబడ్డాను అనే మాట ఊరికే అనడం లేదు. రెండేళ్ల కిందట ఇదే ఊళ్లో అరగంట నిలబడి మాట్లాడమంటే నా వల్ల అయ్యేది కాదు.

మాది 1984 పదో తరగతి బ్యాచ్. మా బ్యాచ్‌వాళ్లకు నేను వాలీబాల్ ఆటగాడిగానే గుర్తు. చదువులో గుర్తుంచుకోదగ్గదేమీ లేదు. జోనల్స్‌కి వెళ్లాం, ఒక కప్పు తెచ్చాం, అది ఇప్పటికీ హెడ్మాస్టరుగారి గదిలో బీరువా మీద ఉంది. రెండేళ్ల కిందటి సంక్రాంతికి మనం కలుసుకున్నప్పుడు పాత విద్యార్థులకూ ఇప్పటి పిల్లలకూ మ్యాచ్ పెట్టారు. మీలో చాలామంది చూశారు కూడా. అప్పటికి నాకు 54 ఏళ్లు. బంతి ముట్టుకుని ఏడెనిమిదేళ్లయింది. పొద్దున్న ఇడ్లీ తిని, కాఫీ తాగి, ఫొటోలు దిగి, నేరుగా నెట్టు ముందుకు వెళ్లాను. ఒళ్లు వేడెక్కించుకోవడం అవీ డ్రిల్లు మాస్టారు ఉన్నప్పటి సంగతులు. ఆయన బెత్తం లేదు కనుక నాకు భయం కూడా లేదు.

రెండో సెట్టులో మావాడు లిఫ్టు ఇచ్చాడు. బంతి కాస్త ముందుకు పడుతోంది. వెనకున్న కుడికాలిని నేలకు బలంగా తన్ని ముందుకు ఎగరబోయాను. 'టప్' మని శబ్దం వచ్చింది. వెనకనుంచి ఎవరో నా పిక్క కింద గట్టిగా తన్నినట్టనిపించింది. కింద పడుతూ వెనక్కి తిరిగి, "ఎవడ్రా తన్నింది?" అని అరిచాను. వెనక ఎవరూ లేరు. మావాడు పదడుగుల దూరంలో ఉన్నాడు. వాడు ఈ రోజుకీ నన్ను ఆ మాట అని ఏడిపిస్తుంటాడు. తరవాత తెలిసిందేమిటంటే, ఈ దెబ్బ తగిలిన వాళ్లు దాదాపు అందరూ చెప్పేది ఇదే మాటట: శబ్దం వచ్చింది, ఎవరో తన్నారు, చూస్తే ఎవరూ లేరు.

ఇక్కడ ఒక్క నిమిషం సైన్సు క్లాసు. మన జీవశాస్త్రం మాస్టారు వేదిక మీదే ఉన్నారు, తప్పులుంటే దిద్దాలి. స్నాయుబంధనం, సంధిబంధనం అని మీరు మాకు రెండు మాటలు చెప్పారు మాస్టారూ. కండరాన్ని ఎముకకు కలిపేది స్నాయుబంధనం, ఎముకను ఎముకకు కలిపేది సంధిబంధనం. నేను పరీక్షలో అవి తారుమారు చేసి రాస్తే చెవి మెలేశారు. నలభై ఏళ్లకు ఆ తేడా నా కాలే నాకు నేర్పింది. మన మామూలు మాటల్లో ఇవన్నీ నరాలే. రక్తం పారేదీ నరమే, తిమ్మిరెక్కేదీ నరమే, కండను పట్టి ఉంచేదీ నరమే. నా కాలు పోయిందని తెలిసి ఫోన్ చేసిన బంధువులందరికీ "నరం తెగింది" అని చెబితే, "అయ్యో, రక్తం బాగా పోయిందా?" అన్నవాళ్లు సగం మంది. ఒక్క చుక్క పోలేదు. చర్మం చెక్కుచెదరలేదు. లోపల తాడు తెగింది.

పిక్కలో రెండు పెద్ద కండరాలున్నాయి. ఆ రెండూ కిందికి వచ్చి ఒకే తాడుగా మారి మడమ ఎముకకు అంటుకుంటాయి. వేళ్లతో మడమ వెనక పట్టుకుంటే చేతికి తగిలేది అదే. జానెడుకు కాస్త తక్కువ పొడవు. మన ఒంట్లో ఉన్న అలాంటి తాళ్లన్నిట్లోకీ లావైనది, బలమైనది ఇదే. నడిచినా, పరిగెత్తినా, మెట్టెక్కినా, గట్టుమీదున్న డబ్బా అందుకోవడానికి మునివేళ్ల మీద లేచినా పని చేసేది ఇదే. పరిగెత్తేటప్పుడు దీని మీద మన బరువుకు ఎన్నో రెట్లు పడుతుంది. కానీ మడమకు పైన రెండంగుళాల దగ్గర దీనికి రక్తం సరఫరా తక్కువ. ఎక్కువగా తెగేది అక్కడే. ముప్పైకీ యాభైకీ మధ్య ఉన్న మగవాళ్లలో, వారమంతా కుర్చీలో కూర్చుని ఆదివారం ఆటకు దిగేవాళ్లలో ఎక్కువట. నేను యాభై దాటినా బుద్ధి మాత్రం ఆ వయసుదే.

దీన్ని ఇంగ్లీషువాళ్లు అకిలిస్ తాడు అంటారు. గ్రీకు వీరుడు అకిలిస్‌ను పసిబిడ్డగా ఉన్నప్పుడు తల్లి మడమ పట్టుకుని స్టిక్స్ నదిలో ముంచిందని, తడవని ఆ మడమకే తరవాత పారిస్ వేసిన బాణం తగిలి చనిపోయాడని కథ. హోమర్ ఇలియడ్‌లో ఈ మడమ కథ లేదు, అది తరవాత కాలపు రచనల్లో వచ్చింది. వైద్యుల పుస్తకంలోకి ఆ పేరు ఎక్కించినవాడు ఫిలిప్ ఫెర్హయెన్ అనే శరీర శాస్త్రవేత్త, 1693లో. ఆయనకు అంతకు ముందే జబ్బు చేసి ఒక కాలు తీసేశారు. మనకూ ఇలాంటి కథ ఉంది. మహాభారతం చివర మౌసల పర్వంలో కృష్ణుడికి వేటగాడి బాణం తగిలింది కాలికే. అంతటి వాళ్ల కథలు కాలి దగ్గర ముగిశాయంటే, కాలి సంగతి పెద్దలకు బాగానే తెలుసన్నమాట.

సరే, నా కథకు వస్తాను. పడిన తరవాత పెద్ద నొప్పి లేదు. అదే నన్ను మోసం చేసింది. పది నిమిషాలకు లేచి కుంటుతూ నడిచాను. కాలివేళ్లు ఆడుతున్నాయి. "వేళ్లు ఆడుతున్నాయంటే ఏం కాలేదురా" అని అందరం తీర్మానించుకున్నాం. ఒక డాక్టరుగారికి చూపిస్తే ఎక్సరే తీశారు. ఎముక బాగుంది, బెణుకు అన్నారు. క్రేప్ బ్యాండేజీ చుట్టి, నొప్పి మాత్రలిచ్చి పంపారు. ఆయన్ని తప్పు పట్టడానికి ఇది చెప్పడం లేదు. ఈ దెబ్బను మొదటిసారి చూసినప్పుడు బెణుకు అనుకోవడం అన్ని దేశాల్లోనూ జరుగుతూనే ఉందట. ఎక్సరేలో ఎముక కనబడుతుంది కానీ ఈ తాడు తెగిన సంగతి తేలదు. వేళ్లను ఆడించే కండరాలు వేరే ఉన్నాయి కనుక అది తెగినా వేళ్లు ఆడతాయి. ఈ రెండు మాటలు తెలియక నేను పదకొండు రోజులు ఆ కాలితోనే తిరిగాను. కుంకుడుకాయంత గుంట పడింది మడమ పైన. దాని మీద అమ్మ ఆముదం రాసింది. ఒక బంధువు పుత్తూరు కట్టుకు తీసుకెళ్తానని కారు కూడా మాట్లాడాడు. ఎముక విరిగితే కట్టు మాట వేరు. రెండుగా తెగి, ఒక కొస పైకి లాక్కుపోయిన తాడు పైన కట్టే కట్టుకు దొరుకుతుందా అనిపించి ఆగాను.

హైదరాబాదు వెళ్లాక ఎముకల డాక్టరుగారు నన్ను బల్ల మీద బోర్లా పడుకోబెట్టారు. పాదాలు బల్ల చివర వేలాడుతున్నాయి. ఎడం పిక్కను చేత్తో పిసికారు, ఎడం పాదం కిందికి వంగింది. కుడి పిక్కను పిసికారు. పాదం కదల్లేదు. గోడగడియారం ఆగిపోయినట్టు అలా ఉండిపోయింది. "తెగిందండీ" అన్నారు. యంత్రం లేదు, ఖర్చు లేదు, అర నిమిషం. దీన్ని థామ్సన్ పరీక్ష అంటారు. తరవాత స్కానింగు తీశారు కానీ, నాకు నమ్మకం కలిగింది ఆ అర నిమిషంలోనే. ఈ రోజు నా ప్రసంగంలో మీరు ఇంకేదీ గుర్తుపెట్టుకోకపోయినా ఇది గుర్తుపెట్టుకోండి. ఆటలోనో, మెట్ల మీదో, గట్టు దూకినప్పుడో 'టప్' మని ఎవరో తన్నినట్టు అనిపిస్తే, బోర్లా పడుకోబెట్టి పిక్క పిసకండి. పాదం కదలకపోతే ఆ కాలు కింద పెట్టనివ్వకుండా ఆ రోజే ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. కదిలినా అనుమానం తీరకపోతే చూపించుకోండి.

డాక్టరుగారు ఇంకో ప్రశ్న అడిగారు. "ఈమధ్య సిప్రోఫ్లాక్సాసిన్ కానీ, లీవోఫ్లాక్సాసిన్ కానీ వాడారా?" డిసెంబరులో విరేచనాలైతే మందుల షాపులో నేనే అడిగి తెచ్చుకుని ఐదు రోజులు మింగాను. ఆ జాతి మందులు ఈ తాళ్లను బలహీనపరచి తెగేలా చేసే ప్రమాదముందని 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మందుల కాగితం మీద పెద్ద హెచ్చరిక వేయించింది. అరవై దాటినవాళ్లకు, స్టెరాయిడ్లు వాడేవాళ్లకు ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. నాకు తెగింది దానివల్లే అని ఆయన అనలేదు, నేనూ అనను. కానీ చీటీ లేకుండా షాపు కౌంటరు దగ్గర మందు కొనే అలవాటు నాకు ఆ రోజుతో పోయింది.

ఆపరేషనా, కట్టా అన్నది తరవాతి ప్రశ్న. ఇందులో డాక్టర్లలోనే రెండు దారులున్నాయి. 2022లో నార్వే డాక్టర్లు 526 మంది మీద చేసిన పరిశోధన ఫలితాలు ప్రచురించారు. కొందరికి ఆపరేషన్ చేశారు, కొందరికి చేయకుండా కట్టుతోనే నయం చేశారు. ఏడాది తరవాత చూస్తే కాలు పనిచేయడంలో తేడా లేదు. మళ్లీ తెగడం మాత్రం కట్టువాళ్లలో నూటికి ఆరుగురికి, ఆపరేషన్ వాళ్లలో నూటికి ఒకరికంటే తక్కువ. ఆపరేషన్ వాళ్లలో పక్కనున్న అసలు నరాలు దెబ్బతినడం ఎక్కువ. అంటే ఏ దారికి ఆ దారి సుంకం ఉంది. పైగా ఆ లెక్కలన్నీ దెబ్బ తగిలిన వెంటనే వచ్చినవాళ్లవి. నేను పదకొండు రోజులు ఆలస్యం చేశాను, రెండు కొసల మధ్య ఎడం పెరిగింది. కనుక నాకు ఆపరేషనే నయమన్నారు. నడుముకు మత్తిచ్చి, బోర్లా పడుకోబెట్టి, గంటలోపు కుట్టేశారు.

అక్కడినుంచి అసలు కథ. ఆపరేషన్ డాక్టరుది, కోలుకోవడం మనది. మొదటి రెండు వారాలు పాదం కిందికి వంచి కట్టు. కుట్లు తీశాక మోకాలి కిందిదాకా వచ్చే పెద్ద బూటు. అందులో మడమ కింద మూడు ముక్కలు పెట్టి, పాదం వాలుగా ఉండేలా చేశారు. కొన్నాళ్లకొకటి చొప్పున ఆ ముక్కలు తీసేస్తూ పాదాన్ని మెల్లగా నేలకు తెస్తారు. కాలు కదలకుండా ఉంటే పిక్కలో రక్తం గడ్డకట్టి అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముందని, కొన్ని వారాలు పొట్టకు రోజుకో ఇంజెక్షన్. మా అమ్మాయి పొడిచేది. చిన్నప్పుడు దానికి టీకాలు వేయిస్తే ఏడ్చిందని కసి తీర్చుకుందేమో తెలియదు.

హైదరాబాదులో మా ఫ్లాటు మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అందుకని కుట్లు తీశాక ఇక్కడ మన ఊళ్లో అమ్మ దగ్గరికి వచ్చేశాం. ఇల్లు నేల మీదే, గడప ఒకటే అనుకున్నాం. వచ్చాక తెలిసింది, ఆ ఒక్క గడప ఎంత ఎత్తుందో. మరుగుదొడ్డి పాతకాలపుది, గొంతుక్కూర్చునేది. స్నానాలగది వాకిట్లో అవతల, నాచుపట్టిన బండలు. నేను పుట్టి పెరిగిన ఇంట్లో నాకు వెళ్లడానికి వీల్లేని గదులే ఎక్కువయ్యాయి. మంచినీళ్లు కావాలంటే పిలవాలి. చంకకర్రలు రెండు చేతుల్లో ఉంటే గ్లాసు పట్టుకునే చెయ్యి ఏదీ? మూడో రోజు పొద్దున్నే మా ఆవిడ మీద ఊరికే అరిచాను. ఆమె ఏమీ అనకుండా బయటికి వెళ్లిపోయింది. అమ్మ మాత్రం, "కాలు తెగితే నోరు పెరుగుతుందట్రా" అంది.

ఆ సాయంత్రం నన్ను చూడ్డానికి ఒకడు వచ్చాడు. వాడు మా బ్యాచ్‌వాడే. మూడో వరుసలో కూర్చున్నాడు. పేరు చెప్పొద్దన్నాడు, మిగతాదంతా చెప్పుకోమన్నాడు. మన ఊళ్లో వాచీల కొట్టు పెట్టి, ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నాడు. రెండో ఏట పోలియో వచ్చింది వాడికి. మోకాలి మీద చెయ్యి ఆనించి, వంగి నడుస్తూ బడికి వచ్చేవాడు. వాడికి మేం ఒక పేరు పెట్టాం. ఆ పేరు ఏమిటో మా బ్యాచ్‌వాళ్లకు తెలుసు. పదేళ్లు వాడిని ఆ పేరుతోనే పిలిచాం. ఆ పేరు పెట్టినవాణ్ణి నేనే.

వాడు వచ్చి, నేను చంకకర్రలతో నిలబడే తీరు చూసి నవ్వాడు. "ఒరేయ్, అలా చంకలో ఆనుకుని వేలాడకు. చంకలో నరం నొక్కుకుంటే చేతులు కూడా తిమ్మిరెక్కుతాయి. కర్ర పైకొసకీ చంకకీ మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి. బరువంతా అరచేతుల మీద ఉండాలి" అన్నాడు. కర్రల ఎత్తు తనే సరిచేశాడు. కింద రబ్బరు బుష్షులు అరిగిపోయాయని చూసి, మర్నాడు కొత్తవి తెచ్చి తొడిగాడు. తడి నేల మీద అరిగిన రబ్బరు కంటే మృత్యువు లేదన్నాడు. గడప ఎక్కడం నేర్పాడు: "ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు చెడ్డ కాలు. మంచివాడు పైకి, చెడ్డవాడు కిందికి. స్వర్గం నరకం అనుకో, మర్చిపోవు." అదే మాట తరవాత ఫిజియోథెరపిస్టు అమ్మాయీ చెప్పింది. భుజానికి తగిలించుకునే గుడ్డసంచీ ఇచ్చి, అందులో ఫ్లాస్కు, ఫోను, పుస్తకం పెట్టుకోమన్నాడు. ఆ సంచీతో నాకు మంచినీళ్ల స్వరాజ్యం వచ్చింది. దొడ్డిలోకి కమోడు కుర్చీ, గోడకు పట్టుకునే ఇనప కడ్డీ వాడే పురమాయించి పెట్టించాడు.

రోజూ సాయంత్రం కొట్టు కట్టేసి వచ్చేవాడు. ఒక రోజు నేను, "ఇంకా ఎన్నాళ్లురా ఈ ఖర్మ" అన్నాను. వాడు, "నీకు ఆరు నెలల జైలు, నాకు యావజ్జీవం. అయినా లోపల ఎలా ఉండాలో పాత ఖైదీనే అడగాలి కదా, అడుగు" అన్నాడు. కోపంతో అనలేదు. నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్రపట్టలేదు.

ఎందుకంటే, మన బడిలో పదో తరగతి మేడ మీద. అవునా? ఇప్పటికీ అంతే. ఇరవై రెండు మెట్లు. గంట కొట్టగానే మేం దూకుతూ దిగేవాళ్లం. వాడు ఎలా ఎక్కేవాడు? ఎలా దిగేవాడు? ఎంత గుర్తు తెచ్చుకున్నా నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. పక్క బెంచీలో కూర్చున్నవాణ్ణి. మర్నాడు అడిగాను. "కూర్చుని ఎక్కేవాణ్ణి. ఒక్కొక్క మెట్టూ కూర్చుని వెనక్కి జరుపుకుంటూ. అందరూ వెళ్లాక దిగేవాణ్ణి. ఒంటికి బెల్లు దగ్గర నీళ్లు తాగేవాణ్ణి కాదు, మళ్లీ దిగాల్సొస్తుందని" అన్నాడు. నేను అడిగాను కనుక చెప్పాడు. నలభై ఏళ్లలో అడిగినవాణ్ణి నేనే మొదటివాణ్ణట. మన పాఠశాల మైదానం గురించి, నా కప్పు గురించి ఎంతసేపైనా మాట్లాడగలను. అదే బడికి ఇంకో చరిత్ర ఉందని నాకు కాలు తెగితే కానీ తెలియలేదు.

ఇక తొమ్మిదో వారం సంగతి. ఆరో వారంనుంచి పన్నెండో వారం దాకా జాగ్రత్త అని డాక్టరుగారు పదే పదే చెప్పారు. నొప్పి పోతుంది, ధైర్యం వస్తుంది, తాడు మాత్రం ఇంకా పచ్చిగానే ఉంటుంది. మళ్లీ తెగేది ఎక్కువగా ఆ రోజుల్లోనే. తొమ్మిదో వారంలో ఒక రాత్రి రెండు గంటలకు, బూటు తొడుక్కోవడానికి బద్ధకించి, మంచం పట్టుకుని దొడ్డివైపు నాలుగడుగులు వేశాను. తడి బండ మీద మడమ జారింది. పిక్కలో సర్రున లాగింది. నేల మీద కూలబడ్డాను. అయిపోయింది, మళ్లీ మొదటికొచ్చింది అనుకున్నాను. చిన్నపిల్లాడిలా ఏడ్చాను. మా ఆవిడ, అమ్మాయి పరిగెత్తుకొచ్చి మంచం మీద బోర్లా వేశారు. "నాన్నా, డాక్టరుగారు చేసినట్టు పిసుకుతాను, మీరు కదలకండి" అంది అమ్మాయి. మెల్లగా పిసికింది. నాకు వెనక కనబడదు. "ఏమైంది?" అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరవాత మా ఆవిడ, "కదిలిందండీ" అంది. నా జీవితంలో ఆ మాటంత మంచి మాట ఇంకెవరూ చెప్పలేదు. మర్నాడు డాక్టరుగారికి చూపించుకున్నాను. తాడు పట్టే ఉంది. ఆయన తిట్టిన తిట్లు మాత్రం డ్రిల్లు మాస్టార్ని గుర్తుకు తెచ్చాయి.

బూటు తీశాక కాలు చూసుకుంటే నాది కాదనిపించింది. మా ఆవిడ కుట్టుమిషను టేపుతో కొలిస్తే కుడి పిక్క ఎడమ దానికంటే మూడు సెంటీమీటర్లు సన్నం. అక్కడినుంచి ఫిజియోథెరపీ. మనవాళ్లకు ఒక అలవాటుంది, బిగుసుకుపోయింది అనగానే సాగదీయమంటారు. ఫిజియోథెరపిస్టు అమ్మాయి నాకు మొదటిరోజే చెప్పింది: "సార్, తొందరపడి సాగదీయకండి. ఇది సాగి అతుక్కుంటే పొడవైపోతుంది. పొడవైన తాడుతో కండరం ఎంత లాగినా మడమ లేవదు. బిగుతు మెల్లగా పోతుంది, సాగింది మాత్రం వెనక్కి రాదు." అందుకని మొదట్లో గొంతుక్కూర్చోవడం లేదు, వట్టికాళ్లతో నడక లేదు, ఇంట్లో కూడా మడమ ఎత్తు చెప్పులే. ముందు కూర్చుని మడమలు ఎత్తడం. తరవాత సైకిలు. తరవాత నిలబడి రెండు కాళ్ల మీదా మునివేళ్లపై లేవడం. ఆ తరవాత రెండింటి మీద లేచి, ఒక్క కుడికాలి మీదే మెల్లగా దిగడం. అలా నెలలు.

ఈ దెబ్బకు పెద్ద పరీక్ష ఒకటే. కుట్టిన కాలి మీద ఒంటరిగా నిలబడి, మునివేళ్లపైకి లేవాలి. వినడానికి ఏముందనిపిస్తుంది. నాకు ఎనిమిదో నెలలో వచ్చింది. అప్పటికి హైదరాబాదు వెళ్లిపోయాం. వంటింట్లో గట్టు పట్టుకుని కాఫీ కోసం నిలబడి, ఎప్పటిలాగే ప్రయత్నిస్తే మడమ నేలనుంచి లేచింది. రెండు వేళ్ల ఎత్తు. మా ఆవిడ పాలు పొంగిపోతుంటే కూడా పట్టించుకోకుండా చూసింది. ఆ పూట మా ఇంట్లో అదే గృహప్రవేశం.

ఇక్కడ పెద్ద ఆటగాళ్ల సంగతి ఒకటి చెప్పాలి. అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్‌కు 2013 ఏప్రిల్ 12న మ్యాచ్ మధ్యలో ఈ తాడే తెగింది. తెగిన కాలితో నిలబడి రెండు ఫ్రీ త్రోలు వేసి, రెండూ బుట్టలో పడ్డాక బయటికి నడిచాడు. డిసెంబరు 8న మళ్లీ ఆడాడు. చైనా హర్డిల్స్ వీరుడు లియూ షియాంగ్‌కు 2012 లండన్ ఒలింపిక్స్‌లో మొదటి హర్డిల్ దగ్గరే తెగింది. ఒంటికాలితో గెంతుకుంటూ చివరిదాకా వెళ్లి, ఆఖరి హర్డిల్‌ను ముద్దుపెట్టుకున్నాడు. నేను మంచం మీద ఉన్నప్పుడు మావాళ్లు ఇవన్నీ నా ఫోనుకు పంపేవాళ్లు. బాగానే ఉంటాయి. కానీ నా కాలికి దారి చూపించింది వాళ్లు కాదు. గుడ్డసంచీ ఇచ్చినవాడు.

ఇప్పుడు నా కాలు ఎలా ఉందంటే, నడుస్తాను, మెట్లెక్కుతాను, కారు నడుపుతాను. పొద్దున్న లేవగానే మొదటి పదడుగులు బిగుతుగా ఉంటాయి. పిక్క ఇంకా ఒక సెంటీమీటరు తక్కువే. ఎగిరి షాట్ కొట్టను. కొట్టగలనేమో, కొట్టను. రేపు ఉదయం మ్యాచ్‌కు నేను అంపైరుని. ఆడేవాళ్లంతా ఇరవై నిమిషాల ముందు గ్రౌండుకు రావాలి. ఒళ్లు వేడెక్కించకుండా నలభై దాటినవాడెవడైనా నెట్టు దగ్గరికొస్తే బయటికి పంపే అధికారం నాకు కార్యదర్శిగారు రాతపూర్వకంగా ఇచ్చారు.

చివరగా ఒక విన్నపం. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో బెంగాల్‌లో నమోదైంది. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మనది పోలియో లేని ప్రాంతమని ప్రకటించింది. కనుక ఇక కుంటుతూ బడికొచ్చే పిల్లలుండరని అనుకోకండి. నిన్న మన బడి అంతా తిరిగాను. ఎనిమిదో తరగతిలో ఒక పాప చక్రాల కుర్చీలో ఉంది. ఇంకో రెండేళ్లకు ఆ పాప పదో తరగతికొస్తుంది. మేడ మీదకి. 2016లో వచ్చిన చట్టం ప్రకారం బడికి ర్యాంపు, అందరూ వాడగలిగే మరుగుదొడ్డి ఉండాలి. చట్టం వరకూ ఎందుకు, ఇరవై రెండు మెట్లు మనందరికీ తెలుసు.

స్వర్ణోత్సవ నిధితో ముఖద్వారం దగ్గర ఆర్చి కట్టాలని తీర్మానం ఉందని విన్నాను. ఆర్చి వద్దనను. దాని కంటే ముందు మూడు పనులు చేద్దామంటాను. పదో తరగతిని కిందికి దించమని హెడ్మాస్టరుగారిని అడుగుదాం, దానికి ఖర్చు లేదు. వరండాకు ర్యాంపు, రెండువైపులా పట్టుకునే కడ్డీలు కట్టిద్దాం. కమోడు, కడ్డీ ఉన్న ఒక మరుగుదొడ్డి కట్టిద్దాం. 1984 బ్యాచ్ తరపున మా వంతు రాసిచ్చేశాం. కడ్డీలు ఏ ఎత్తులో ఉండాలో, ర్యాంపు ఎంత వాలు ఉండాలో చెప్పడానికి ఇంజినీరుతో పాటు మూడో వరుసలో కూర్చున్నవాణ్ణి కూడా కమిటీలో వేయాలని నా కోరిక. వాడు ఒప్పుకున్నాడు. ఒక షరతు పెట్టాడు. ప్రారంభం రోజు నేను ఆ ర్యాంపు మీద చంకకర్రలతో ఎక్కి దిగి చూపించాలట, నేర్చుకున్నది మర్చిపోలేదని.

ఒరేయ్, నీకు మేం పెట్టిన పేరు, నేను పెట్టిన పేరు, ఈ మైకులో చెప్పను. ఇంకెప్పుడూ ఎక్కడా చెప్పను. నలభై ఏళ్ల ఆలస్యంగా, అందరి ముందూ క్షమించమని అడుగుతున్నాను. నువ్వు ఇందాక టీ దగ్గర, "ఆ ఒక్క ముక్క వద్దులేరా, మిగతాది బాగుంది" అన్నావు. ఆ ఒక్కటీ నీ మాట వినలేదు.

మాస్టారూ, స్నాయుబంధనం అంటే కండరాన్ని ఎముకకు కలిపేది. ఈసారి తప్పు రాయను.